పేజీ తలరాత

2022 ఏప్రిల్ 4న గోదావరి జిల్లాల పటం మారిపోయింది. నదికి పడమటి గట్టున ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలోకి వచ్చాయి. అమలాపురం కోనసీమకు జిల్లా కేంద్రమైంది, భీమవరం పశ్చిమ గోదావరికి. కాకినాడ తన పేరుతోనే జిల్లా అయింది. అంతకు ఏడేళ్ల ముందే, 2015లో, రాజమండ్రి కాగితాల మీద రాజమహేంద్రవరమైంది. ఆఫీసు బోర్డుదేముంది, పెయింటర్ ఒక్క పూటలో దిద్దేస్తాడు. కంప్యూటర్లో దాచుకున్న ఫైళ్లతోనే చిక్కు.

సహకార సంఘం వార్షిక నివేదిక గానీ, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టు గానీ, స్కూలు ప్రశ్నపత్రం గానీ కొత్తగా పుట్టడం అరుదు. పోయినేడాది ఫైలు తెరిచి, సేవ్ యాజ్ కొట్టి, తేదీలు దిద్దడంతో పని మొదలవుతుంది. లోపలి పాఠాన్ని ఇద్దరు ముగ్గురు చదువుతారు. పేజీ పైనున్న హెడర్‌ని, అడుగునున్న ఫుటర్‌ని చదివే ఓపిక ఎవరికీ ఉండదు. వర్డ్ కూడా లోపలి పాఠం మీద పనిచేస్తున్నంతసేపూ ఆ వరసలను వెలిసిపోయిన రంగులోనే చూపిస్తుంది. దాంతో నివేదికలో కోనసీమ, ఫుటర్‌లో తూర్పు గోదావరి కలిసి ప్రింటరు దాకా వెళ్లిపోతాయి.

అధ్యాయాలున్న పుస్తకమైతే తంటా ఇంకా ఎక్కువ. ప్రతి అధ్యాయానికీ సెక్షన్ బ్రేక్ పెట్టాలి, ‘లింక్ టు ప్రీవియస్’ తీసేయాలి, హెడర్‌లో అధ్యాయం పేరు మళ్లీ టైపు చేయాలి. ఆ లింకు తీయడం మరిచిపోతే, అయిదో అధ్యాయం హెడర్‌ని దిద్దినప్పుడు నాలుగోది కూడా మారి కూర్చుంటుంది. రచయిత చివరి ప్రూఫులో శీర్షిక మార్చాడంటే డీటీపీ ఆపరేటర్ మళ్లీ మొదటికి రావాల్సిందే.

ఇంత చాకిరీ అక్కర్లేకుండా చేసే సదుపాయం వర్డ్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది. పేరు స్టైల్‌రెఫ్. హెడర్‌లో డబుల్ క్లిక్ చేసి, ఇన్సర్ట్‌లో క్విక్ పార్ట్స్, అందులో ఫీల్డ్, ఆ జాబితాలో స్టైల్‌రెఫ్, దాని పక్కన హెడింగ్ 1 ఎంచుకుంటే చాలు. ఆ పేజీలో హెడింగ్ 1 స్టైల్‌లో ఉన్న మొదటి పాఠం హెడర్‌లోకి వచ్చేస్తుంది. ఆ పేజీలో అలాంటిది లేకపోతే వర్డ్ వెనక్కి నడిచి, అంతకు ముందున్న శీర్షికను తెస్తుంది. శీర్షిక మారిస్తే హెడర్ తానే మారుతుంది.

ఆ వెనక్కి నడిచే గుణమే జిల్లా పేరు గొడవకు మందు. అట్ట పేజీ మీద ఊరూ జిల్లా ఉన్న వరసకు ‘జిల్లా’ అని ఓ కొత్త స్టైల్ పెట్టాలి. ఆ స్టైల్‌ని పిలిచే ఫీల్డ్ ఫుటర్‌లో పెడితే, నూరో పేజీ నుంచైనా వెనక్కి వెళ్లి అట్ట మీది పేరునే తెస్తుంది. ప్రభుత్వం మళ్లీ జిల్లాలను అటూ ఇటూ చేసినా ఫైల్లో ఆ పేరును దిద్దాల్సింది ఒక్కచోటే.

స్టైల్‌రెఫ్ ఉపయోగం నిండుగా కనిపించేది నిఘంటువులో. పిఠాపురం మహారాజా సూర్యారావు పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు మొదటి సంపుటం 1936లో వచ్చింది. దాని వెనకున్న జయంతి రామయ్య పంతులుది ముక్తేశ్వరం; పాత పుస్తకాల్లో తూర్పు గోదావరి, ఇప్పుడు కోనసీమ. నిఘంటువు పుట పైన ఆ పుటలోని మొదటి మాట, చివరి మాట వేయడం ఒక ఆచారం. అక్షరాలను చేత్తో పేర్చే కాలంలో, ఒక మాటకు అర్థం నాలుగు పంక్తులు పెరిగిందంటే కింది మాటలు పక్క పుటకు జారేవి, పైనున్న జంట మాటల్నీ మార్చి పేర్చాల్సి వచ్చేది. అంతటి గ్రంథాన్ని ఇవాళ వర్డ్‌లో కూర్చేవారు అర్థం చెప్పే ప్రతి మాటకూ ఒకే క్యారెక్టర్ స్టైల్ ఇచ్చి, హెడర్‌లో రెండు ఫీల్డులు పెడితే సరిపోతుంది. మొదటిది పుటను పైనుంచి వెతుకుతుంది. రెండోదానికి పేజీ అడుగు నుంచి వెతకమనే గడిలో టిక్కు పెట్టాలి.

మరి ఇంత సులువైనది మన దగ్గర ఎందుకు కనపడదు? శీర్షిక అంటే అక్షరాలు పెద్దవి చేసి, బోల్డ్ కొట్టి, మధ్యకు జరపడమే అనుకోవడం వల్ల. కంటికి అది శీర్షికే, వర్డ్‌కి మాత్రం లావుపాటి మామూలు పేరా. పేరు లేని మనిషిని పిలిస్తే ఎవరు పలుకుతారు? హెడింగ్ 1 ఎక్కడా వాడని ఫైల్లో ఈ ఫీల్డ్ పెడితే, ఆ స్టైల్‌లో పాఠమే లేదంటూ ఎర్రర్ వాక్యమొకటి ఇంగ్లీషులో ప్రతి పేజీ నెత్తిన వెలుస్తుంది. చూసుకోకపోతే అదే అచ్చవుతుంది కూడా.

తెలుగుకి ప్రత్యేకమైన తిప్పలు రెండున్నాయి. డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్లలో కొట్టిన పాఠం యూనికోడ్ కాదు. లోపల ఉన్నవి వేరే సంకేతాలు, ఫాంటు వేసిన వేషం వల్లే అవి తెలుగుగా కనిపిస్తాయి. ఫీల్డ్ తెచ్చేది ఆ సంకేతాలను. హెడర్‌కీ అదే ఫాంటు పెట్టకపోతే పైన పిచ్చిగీతలే. విండోస్‌లో దొరికే గౌతమి లాంటి యూనికోడ్ ఫాంటులో (డెల్టా వాళ్లకు ఇంతకన్నా దగ్గరి పేరేముంది!) ఈ బాధ లేదు.

రెండోది విభక్తులతో. ‘1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సాగు మార్పులు’ అనే శీర్షిక హెడర్‌లో ఇమడదు. అందులో కొంత భాగానికే క్యారెక్టర్ స్టైల్ వేసి, ఆ స్టైల్‌నే పిలవొచ్చు. ‘డెల్టాలో’ ఒక్కటే ఎంచుకుంటే ఆ ‘లో’ తోకతో సహా పైకి వస్తుంది, ఫీల్డ్‌కి వ్యాకరణం తెలీదు. ‘సాగు మార్పులు’ ఎంచుకోవడం మేలు. ముక్కలు ముక్కలుగా రెండుచోట్ల స్టైల్ వేసినా లాభం లేదు, వచ్చేది మొదటి ముక్కే.

ప్రెస్సుకి ఇన్‌డిజైన్‌లో పంపేవారికి 2007 నాటి సీఎస్3 నుంచే టెక్స్ట్ వేరియబుల్స్‌లో రన్నింగ్ హెడర్ ఉంది, అక్కడా పిలిచేది స్టైల్ పేరుతోనే. లిబ్రే ఆఫీస్ రైటర్ వాడేవారికి అధ్యాయం శీర్షికను తెచ్చే ఫీల్డ్ ఉంది. ఏది వాడినా అధ్యాయం మొదలయ్యే పేజీ మీద హెడర్ వేయకపోవడం పుస్తకాల మర్యాద. వర్డ్‌లో అయితే దీనికోసం మాత్రం అధ్యాయానికో సెక్షన్ బ్రేక్ ఉంచి, ప్రతి సెక్షన్‌లోనూ ‘డిఫరెంట్ ఫస్ట్ పేజ్’ దగ్గర టిక్కు పెట్టాలి.