తాతయ్య తత్త్వములు: వేదికయు వీథియు

చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతముల తెలుగు గృహములకు కైవారము నారాయణప్ప యను పేరుకంటె తాతయ్య యను పిలుపే దగ్గర. 1726లో జన్మించి 1836లో సమాధి చెందిరని సంప్రదాయము. గాజుల మలారము మోసిన బలిజ గృహస్థు. పరదేశిస్వామి యుపదేశమున యోగియై, అమరనారాయణుని పేర తెలుగునను కన్నడమునను తత్త్వములు, కీర్తనలు, కాలజ్ఞానము చెప్పిరి. ఆ కీర్తనలను నేడు పాడుచున్న తీరునుగూర్చి నాలుగు మాటలు చెప్పదలచినాము.

గురుపూర్ణిమకు కైవారమఠమున సంగీతోత్సవము జరుగును. విద్వాంసులు వచ్చి పాడుదురు. వారి నాదశుద్ధిని మేము కాదనము. కాని కొందరు పల్లవిని పదిమారులు త్రిప్పి, స్వరములు కురిపించి, రెండు చరణములతో చాలింతురు. తత్త్వమునకు మాట ముందు, రాగము వెనుక. పల్లెలలో చెక్కభజన చూచినవారికి ఈ సంగతి తెలియును. కాళ్ల గజ్జెలు, చేతులలో చెక్కలు. వలయముగా అడుగు వేయుచు గురువు చరణ మెత్తుకొనగా శిష్యు లందుకొందురు. ప్రతి చరణము రెండుమారులు చెవిని బడును గనుక అక్షరము రాని ముసలమ్మకును కంఠస్థమగును. అక్కడ శ్రుతి తప్పవచ్చును, మాట తప్పదు.

ఇక ఉచ్చారణ. మా పిల్లలు కన్నడ బడులలో చదువుదురు. తాతయ్య తెలుగు కీర్తనలు మా యిండ్లలో కన్నడలిపిలోనే యున్నవి. రెండు లిపులును తోబుట్టువులు గనుక చిక్కు లేదందురు. చిక్కు కలదు. చలి, చుక్క, జొన్న యనునపుడు తెలుగునాలుక పలుకు దంత్యధ్వనికి కన్నడమున అక్షరము లేదు. నేటి తెలుగచ్చులోను గుర్తు వాడుట లేదు గాని, ఇంట తెలుగు విన్నవాడు తనంత పలుకును. పుస్తకము చూచి పాడు పరభాషీయుడు చుక్కను చింతామణి యందలి చకారముతో పలుకును. వినువారికి ప్రాణము చివుక్కుమనును.

ఇంతకంటె నొప్పించునది సవరణ. మా ప్రాంతపు తెలుగున కన్నడపదములు కలసియుండుట చూచి, కోస్తా పలుకుబడికి దిద్దబూనువారు కలరు. నకలు తీయువాడు మూలమున ఒక్క సున్నయైన మార్పరాదని కచేరీలో జీవితమంతయు పాటించినవారము మేము. అవి తప్పులు కావు, ఈ నేల భాష.

వేదికపై తమటె కానరాదు. మన తెలుగు తమ్మటయు నిదియు నొక్కటే. చర్మమును నిప్పుసెగ చూపి బిగించి వాయించు ఈ వాద్యము జాతరకు కావలెను, చావునకు కావలెను. కీర్తనకు మాత్రము అంటరానిదైనది! మా జిల్లావారైన పిండిపాపనహళ్లి మునివెంకటప్పగారికి ఈ తమటెవలననే 2023లో పద్మశ్రీ వచ్చినది. అట్టి వాద్యమును గుడిముంగిట కీర్తనతో నిలుపుటకు మనకేల సంకోచము?

మలయాదేశమందలి కెలంతాన్‌లో మక్ యోంగ్ అను ఆటపాటల రూపకమును 1991లో అక్కడి ప్రభుత్వమే నిషేధించినది. 2005లో యునెస్కో దానిని మానవజాతి వారసత్వముగా ప్రకటించినది. 2019లో షరతులతో నిషేధము తొలగినది. నిషేధముండియు అది నిలిచినది. మన చెక్కభజన నెవరును నిషేధింపలేదు. పిల్లవాడు గజ్జె కట్టనన్న చాలును, అది పోవును.

కీర్తనలను అచ్చు వేయించువారు ఒక పుటను కన్నడలిపిని, ఎదుటిపుటను తెలుగులిపిని ఉంచి, దంత్యాక్షరములకు నిఘంటువులలో వలె గుర్తు పెట్టవలెను. పాఠమును పట్టణపు పండితునివలన గాక, బాగేపల్లి పల్లెలలోని వృద్ధ భజనగురువులవలన వ్రాసికొనవలెను. అదియు ఈ యేడే.