చెల్లిన ముద్ర

పులికాట్ ఊళ్లో డచ్చివాళ్ల పాత శ్మశానానికి వెళితే గేటు దగ్గరే రెండు రాతి అస్థిపంజరాలు ఎదురవుతాయి. లోపల సమాధి రాళ్ల మీద వాళ్ల వంశచిహ్నాలు ఎంతో ఓపికగా చెక్కి ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా నా మనసు మాత్రం ఈ రేవులోనే చెలామణి అయిన మరో చిహ్నం మీదికి పోతుంది. అది విజయనగర రాజముద్ర.

వరాహం, దాని ముందు నిలువుగా కత్తి, పైన సూర్యచంద్రులు. నీళ్లలో మునిగిన భూమిని ఎత్తిన స్వామి వరాహం. సూర్యచంద్రులేమో ‘ఆచంద్రార్కం’ అన్న మాటకు బొమ్మ. శాసనం చదవడం రాని రైతు కూడా రాతి మీద ఆ రెండింటినీ చూసి, ఇది ఎన్నటికీ చెల్లే దానమని తెలుసుకునేవాడు.

రాగిరేకుల శాసనాల్లో ఈ ముద్ర పనితనం ఇంకా బాగా తెలుస్తుంది. రేకులు ఒకదానితో ఒకటి ఒరుసుకుని అక్షరాలు అరిగిపోకుండా అంచులు కాస్త ఎత్తుగా ఉంచేవాళ్లు. మొదటి రేకుకూ చివరి రేకుకూ బయటివైపు రాత ఉండదు. అన్నిటికీ చిల్లు పెట్టి ఒక కడియానికి గుచ్చి, దానికి వరాహముద్ర తగిలించేవాళ్లు. నడుమ దొంగరేకు దూర్చాలంటే ఆ కడియాన్నే కొయ్యాలి. ముద్ర అంటే అందానికి వేసిన బొమ్మ కాదు, తాళం.

చివర చేవ్రాలు చూడండి. రాజు తన పేరు రాయడు. తొలి రాజులు కన్నడ అక్షరాల్లో ‘శ్రీ విరూపాక్ష’ అని పెట్టించారు. 1586 నుంచి 1614 దాకా ఏలిన చంద్రగిరి వేంకటపతి రాయల శాసనాల్లో ఆ చోటికి ‘శ్రీ వేంకటేశ’ వచ్చింది. ఆయన బంగారు నాణెం మీద కూడా ఒకవైపు తోరణం కింద నిలబడ్డ స్వామి, మరోవైపు నాగరి లిపిలో ‘శ్రీ వేంకటేశ్వరాయ నమః’. మూడున్నర గ్రాములు కూడా లేని బిళ్ల, చిటికెన వేలి గోరంత. అందులోనే తోరణమూ స్వామీ ఇమడాలంటే అచ్చు చెక్కిన కంసాలి చెయ్యి ఎంత కుదురుగా ఉండాలో!

ఆ నాణేన్ని జనం వరహా అనే పిలిచారు, పంది బొమ్మ లేకపోయినా. ఆ పేరు అంతకుముందటి చాళుక్యుల నాటిది. రాజరాజ నరేంద్రుడి వెడల్పాటి పల్చటి బంగారు నాణేల మీద నడుమ వరాహం, చుట్టూ ఒక్కొక్కటిగా గుద్దిన అక్షరాలు ఉంటాయి.

1610లో డచ్చివాళ్లు పులికాట్‌లో వర్తకానికి అనుమతి తీసుకున్నది వేంకటపతి రాయల దగ్గరే. మూడేళ్లకు గెల్డ్రియా కోట కట్టారు, తర్వాత టంకశాలా నడిపారు. తమ రాగి కాసుల మీద కంపెనీ గుర్తు వేసుకున్నారు గానీ, బంగారు వరహా దగ్గరికి వచ్చేసరికి విష్ణుమూర్తినే ఉంచారు. నేత బట్టలు అమ్మే మన అంగడివాడు చేతిలోకి తీసుకుని చూసేది ఆ స్వామినే మరి. మద్రాసులో ఇంగ్లీషువాళ్లదీ ఇదే దారి. ఇద్దరు దేవేరులతో నిలబడ్డ స్వామిని పోతపోసినట్టు దించి ‘మూడు స్వాముల వరహా’ కొట్టించారు. చంద్రగిరి రాజ్యం పోయాక కూడా, 1818లో మద్రాసు ప్రెసిడెన్సీ రూపాయికి మారేదాకా, ఈ తీరంలో లెక్క వరహాల్లోనే సాగింది.