1.84, 0.36: ఒకే చీకటికి రెండు లెక్కలు

దేశంలో అంధత్వం 0.36 శాతానికి దిగిందని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. అంతకు రెండు దశాబ్దాల ముందు, 1996–2000 మధ్య ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన అధ్యయనం 1.84 శాతమని తేల్చింది. రెంటినీ పక్కపక్కన పెడితే ఐదింట నాలుగు వంతుల చీకటి తొలగినట్టే కనిపిస్తుంది. అంత సంబరం వద్దు.

పాత అధ్యయనం మెరుగైన కంటితోనూ 6/60 చూపు లేనివారిని అంధులంది. చూపు పరిధి 20 డిగ్రీల లోపుకు కుదించుకుపోయినవారినీ కలుపుకుంది. జాతీయ సర్వే గీత 3/60. మధ్యలో, 2017లో ప్రభుత్వమే నిర్వచనం మార్చింది. 6/60, అంటే ఆరు మీటర్ల దూరంలో వేళ్లు లెక్కపెట్టలేనివారు అన్నది 3/60కి, అంటే మూడు మీటర్లకు తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలతతో సరిపోవాలన్నారు, కాదనలేం. కానీ నాలుగు మీటర్ల దాకా మాత్రమే వేళ్లు పోల్చుకోగల పెద్దాయన చూపు ఆ ఏడాది ఇసుమంతైనా బాగుపడలేదు. జాబితాలో ఆయన పేరు మాత్రం లేదు.

వయసు సంగతీ అంతే. హైదరాబాద్‌తో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో పసివాళ్ల నుంచి ముసలివాళ్ల దాకా 10,293 మందిని పాత బృందం పరీక్షించింది. జాతీయ సర్వే ప్రధానంగా 50 దాటినవారిపై నడిచింది. వారిలో అంధత్వం 1.99 శాతం. పతాక శీర్షికలకు ఎక్కింది మాత్రం జనాభా మొత్తానికి కట్టిన 0.36!

కారణాల దగ్గర తేడా మరీ ఆసక్తికరం. పాత లెక్కలో శుక్లం వాటా 44 శాతం, కళ్లజోడుతో తీరిపోయే దోషాలది 16.3, రెటీనా జబ్బులది 10.9, నీటికాసులది 8.2. కొత్త లెక్కలో శుక్లమే 66.2 శాతం. శుక్లాలు పెరిగాయని దీనికి అర్థం కాదు. పెద్దవాళ్లనే చూస్తే శుక్లాలే ఎక్కువ దొరుకుతాయి. పైగా వేగంగా సాగే సర్వే పద్ధతిలో ఒక కంట్లో రెండు జబ్బులుంటే, సులువుగా నయమయ్యేదాన్నే కారణంగా రాసుకుంటారు. పొర వెనక నీటికాసులున్నా కాగితం మీదికి రావు. చుక్కల మందు వేసి కనుపాపను విప్పార్చి, అనుమానమున్నవారికి చూపు పరిధి కూడా పరీక్షించిన పాత అధ్యయనానికి ఇక్కడ తిరుగులేదు.

అయినా కొత్త సర్వే చెప్పిన రెండు సంగతులు పక్కన పెట్టలేనివి. 50 దాటినవారి అంధత్వంలో 7.2 శాతానికి శుక్లం ఆపరేషన్ వికటించడమే కారణం. 50 లోపువారిలో మొదటి శత్రువు నల్లగుడ్డు మీద పువ్వు. ఆడవాళ్లు, పల్లెవాసులు ఎక్కువగా నష్టపోతున్నారనడంలో రెండు సర్వేలదీ ఒకే మాట.

ఆసుపత్రి ఓపీ రిజిస్టర్ల నుంచి తీసే శాతాలను వీటి సరసన కూర్చోబెట్టకూడదు. బస్సు ఛార్జీ, తోడు వచ్చే మనిషి దొరికినవారి లెక్క అది. మంచం దిగని అవ్వ అందులో ఉండదు.

దేశానికి ఎన్ని శుక్లం ఆపరేషన్లు కావాలో అంచనా వేయడానికి జాతీయ సర్వే చాలు. నీటికాసులకు, షుగర్ వల్ల దెబ్బతినే రెటీనాకు వైద్యం ఎక్కడ పెట్టాలో తెలియాలంటే రెండు తెలుగు రాష్ట్రాలూ పాత పద్ధతిలో, పాత గీతతోనే మరోసారి ఊళ్లకు వెళ్లి లెక్క తీయాలి.