పొదిగేదెవరు?

ఇంక్యుబేషన్ అనే మాటను మనం తెలుగులో "పొదగడం" అంటున్నాం. అనువాదాల్లో నేనూ అదే రాస్తూ వచ్చాను. లాటిన్ మూలానికి అర్థం "మీద పడుకోవడం". కాబట్టి కోడికి ఈ మాట చక్కగా అతుకుతుంది: 37.5 డిగ్రీల వెచ్చదనంలో సుమారు 21 రోజులకు గుడ్డు పిల్లవుతుంది. నెలలు నిండని పాపను ఉంచే పెట్టెను ఇంక్యుబేటర్ అన్నా అభ్యంతరం లేదు. దాని పనీ వెచ్చదనం ఇవ్వడమే.

చిక్కంతా జబ్బుల దగ్గరే. కొందరు "పొదుగు కాలం" అని అచ్చువేస్తారు. చదివినవారికి ఆవు పొదుగు గుర్తొస్తే తప్పు వారిది కాదు! అంతకంటే పెద్ద లోపం వేరే ఉంది.

1994 సెప్టెంబరులో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు వ్యాపించిందనగానే లక్షల మంది ఆ నగరం వదిలిపోయారు. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉండేవి. అలాంటి కార్మికుడొకరు సొంత ఊళ్లో బస్సు దిగాడనుకోండి. "ఇతనిలో జబ్బు పొదుగుతోంది" అంటే ఊరివారికి ఏమని తోస్తుంది? నేడో రేపో పిల్ల బయటికి రాక తప్పదని! తలుపులు మూసుకోక ఏం చేస్తారు?

నిజం ఇది కాదు. అతనికి క్రిమి సోకిందో లేదో ముందు తెలియదు. సోకి ఉంటే, ఈ రకం ప్లేగు లక్షణాలు సాధారణంగా 1 నుంచి 4 రోజుల్లో కనిపిస్తాయి. జ్వరం, దగ్గు లేని ఆ రోజుల్లో అతను ఇతరులకు అంటించడు. టెట్రాసైక్లిన్ వంటి మందు వెంటనే మొదలుపెడితే జబ్బు రాకుండా ఆపవచ్చు. రోగి దగ్గర చివరిసారి మెలిగిన నాటి నుంచి 7 రోజులు గడిచినా జ్వరం రాకపోతే, ఇక అతన్ని కనిపెట్టి ఉండనక్కరలేదు.

అన్నట్టు, ప్లేగు క్రిమికి కోడి వెచ్చదనమూ అక్కరలేదు. ప్రయోగశాలలో అది 28 డిగ్రీల దగ్గర బాగా పెరుగుతుంది. 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ దగ్గర ఇంక్యుబేటర్ లేకపోవడమే ఆయనకు కలిసొచ్చిందంటారు.

అందుకే జబ్బుల విషయంలో "లక్షణాలు బయటపడే గడువు" అని, పక్కనే రోజులు వేసి రాయడం మేలని నా అభిప్రాయం. మాట పొడవే, కానీ భయపెట్టదు. "అంటించే రోజులు" మాత్రం విడిగా చెప్పాలి. తట్టు దద్దు తేలడానికి 4 రోజుల ముందు నుంచే అంటుకుంటుంది. కోవిడ్ కూడా లక్షణాలకు ముందే అంటుతుంది. "పొదిగే కాలం" అన్న ఒక్క మాట ఈ తేడాను చెప్పదు.