గోళం, స్థూపం, శంఖువు: ఒక బండి పనితనం

గళ్ల నేల మీద బండ్లు దూసుకుపోతుంటాయి. మలుపు దగ్గర మన మోటార్ సైకిల్‌లా ఒక పక్కకు ఒరగవు, ఉన్నపళంగా 90 డిగ్రీలు తిరిగిపోతాయి. ప్రతి బండి వెనకా, అది నడిచిన దారి పొడవునా ఒక రంగు గోడ లేస్తూ వస్తుంది. ఆ గోడను గుద్దుకున్నవాడి పని అక్కడితో సరి. 1982 జులై 9న విడుదలైన డిస్నీ సినిమా ‘ట్రాన్’లోని లైట్ సైకిళ్ల పందెం ఇది. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొదట్లో వేగం కోసం చూశాను. ఆ బండిని దేనితో కట్టారో తెలిశాక, బండి కోసమే చూస్తున్నాను.

దాని సరంజామా అంతా మన పదో తరగతి లెక్కల పుస్తకంలో ఉంది. క్షేత్రమితి పాఠంలోని గోళం, స్థూపం, శంఖువు, దీర్ఘఘనం. సమితుల పాఠంలోని సమ్మేళనం, ఛేదనం, భేదం. వర్గ సమీకరణం, దానికి రెండు మూలాలు. ఈ మూడు పాఠాలు బాగా వంటబట్టినవాళ్లు కలిసి పనిచేస్తే తెర మీద ఏం పుడుతుందో తెలుసుకోవాలంటే ఈ బండిని చూడాలి.

కట్టిన సంస్థ పేరు మాగీ. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మ్స్‌ఫర్డ్‌లో ఫిలిప్ మిట్టెల్‌మన్ 1966లో పెట్టారు. పేరు విప్పితే ‘మేథమెటికల్ అప్లికేషన్స్ గ్రూప్’. సినిమా వాసన ఎక్కడా లేని పేరు. వాళ్లు మొదట చేసిన పని అణుధార్మిక కిరణాల లెక్క: ఒక చోట బయల్దేరిన కిరణం గోడల్లోంచి, యంత్ర భాగాల్లోంచి దూసుకెళ్లి అవతలికి ఎంత చేరుతుంది? ఈ లెక్క తేలాలంటే కిరణం ఒక వస్తువులోకి ఎక్కడ దిగింది, ఎక్కడ బయటపడింది అన్న రెండు సంగతులూ కావాలి. ఆ రెంటి మధ్య దూరమే కిరణానికి అడ్డుపడే మందం. అందుకని వస్తువులన్నిటినీ తేలికైన ఘనాకృతుల కూర్పుగా రాసుకున్నారు.

ధార్మిక కిరణం స్థానంలో చూపును పెడితే ఆ లెక్కే బొమ్మ గీస్తుందని వాళ్లకు తట్టింది. తెర మీది ఒక్కో చుక్క గుండా ఒక్కో కిరణాన్ని పంపి, అది మొదట తగిలే ఉపరితలం ఏదో కనుక్కుని, వెలుతురు పడే కోణాన్ని బట్టి రంగు వేయడం. 1970ల మొదట్లోనే ఈ పద్ధతికి సింథావిజన్ అని పేరు పెట్టి బొమ్మల వ్యాపారంలోకి దిగారు. రేడియేషన్ నుంచి కాపాడే గోడల మందం లెక్కగట్టడానికి పుట్టిన పరికరం అలా సినిమా బండిని కట్టే పనిముట్టయింది.

ఈ పద్ధతి అందం తెలియాలంటే ఒక్క కిరణం వెంట మనమూ నడవాలి. ఎదురుగా ఒక దిమ్మె ఉందనుకుందాం. కిరణం దాంట్లోకి 10 అడుగుల దూరంలో దిగి 30 అడుగుల దగ్గర బయటపడుతుంది. అదే కిరణం దారిలో ఒక గోళం కూడా ఉంది. గోళంతో కిరణం కలిసే చోట్లు కనుక్కోవాలంటే ఒక వర్గ సమీకరణం సాధించాలి. రెండు మూలాలు వస్తాయి, ఒకటి ప్రవేశం, ఒకటి నిష్క్రమణ. అవి 5, 18 అనుకుందాం. దిమ్మె, గోళం కలిపితే 5 నుంచి 30 దాకా అంతా ఘనమే. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది కావాలంటే 10 నుంచి 18. దిమ్మెలోంచి గోళాన్ని తీసేస్తే మిగిలేది 18 నుంచి 30.

ఆ చివరి సంగతి దగ్గర కాసేపు ఆగాలి. కిరణం ఇప్పుడు 18 దగ్గర ఘనాన్ని తాకింది. ఆ తాకిన తలం దిమ్మెది కాదు, గోళానిది. గోళాన్ని తీసేశాం, కానీ దాని వంపు దిమ్మె మీద గుంటగా మిగిలింది. పుచ్చకాయలోంచి గరిటెతో ముక్క తీస్తే గరిటె ఆకారం కాయలో మిగిలినట్టు. ఏ ఆకారాన్ని ఉంచాలో తెలిస్తే చాలదు, ఏ ఆకారాన్ని తీసేయాలో కూడా తెలియాలి. శిల్పికి తెలిసిన పనే ఇది. కాకపోతే ఇక్కడి ఉలి మొనకు తప్పు రాదు. గోళాన్ని రాయడానికి నాలుగు సంఖ్యలు చాలు: కేంద్రానికి మూడు, వ్యాసార్ధానికి ఒకటి. ఆ నాలుగూ చెప్పాక దాని వంపు ఎంత దగ్గరికి వెళ్లినా వంపే.

అదే సినిమాకు పనిచేసిన ట్రిపుల్-ఐ అనే మరో సంస్థ దారి వేరు. వాళ్లు బహుభుజి పలకలను ఒకదాని పక్కన ఒకటి అతికి రూపం కట్టారు. మనిషి ముఖంలాంటి సంక్లిష్టమైన రూపాలకు పలకలే మేలు. మాస్టర్ కంట్రోల్ ప్రోగ్రామ్ అనే ప్రతినాయకుడి రూపాన్ని ట్రిపుల్-ఐ చేయడానికి, బండ్లు, ట్యాంకులు, రికగ్నైజర్ అనే కమానులాంటి ఎగిరే యంత్రాలు మాగీ వాటాకు రావడానికి ఈ తేడాయే కారణం. తన పరికరం దేన్ని బాగా చేయగలదో తెలిసి, దాన్నే చేయడంలో మాగీ పనితనం నాకు కనిపిస్తుంది.

ఇప్పుడు బండి దగ్గరికి వద్దాం. దాన్ని ఊహించిన చిత్రకారుడు సిడ్ మీడ్. ఆయన తొలి బొమ్మల్లో నడిపేవాడు బండి మీద వంగి బయటికి కనిపిస్తాడు. మనిషి వీపు, భుజాలు, మోకాళ్లు గోళాలతో స్థూపాలతో వచ్చేవి కావు. అందుకని మనిషిని లోపల పెట్టి పైన నున్నటి డొప్ప మూశారు. ఆ మూత వల్లే ఆ బండికి దాని రూపం వచ్చింది. చక్రాలకు స్పోక్స్ లేవు, నిండు చక్రాలు. ఒంటి మీద అలంకారం కోసం పెట్టిన భాగం నాకు ఒక్కటీ కనబడలేదు. ఎక్కడ గుండ్రం ఆగి ఎక్కడ పలక మొదలవుతుందో కన్ను పట్టుకోగలదు, అయినా మొత్తం ఒకే ముద్దలో పోతపోసినట్టుంటుంది. స్థూపాన్ని స్థూపంగానే కనిపించనిచ్చిన ఆ ధైర్యం నాకు ఎంతో నచ్చుతుంది. వెనక లేచే గోడ చూడండి. పలుచటి పలక ఒకటి, బండి కదిలినకొద్దీ పొడవు పెరుగుతుంది. అంతే. ఆ పందెంలో ప్రాణాలు తీసే ఆయుధం అదే.

కదలికలో పెట్టిన ఓపిక ఇంకో ఎత్తు. ఈ ఘట్టాలను కూర్చినవాళ్లు డిస్నీ యానిమేటర్లు బిల్ క్రోయర్, జెర్రీ రీస్. ఇప్పటిలా మౌస్‌తో బండిని పట్టుకుని లాగే వీలు అప్పుడు లేదు. ఒక వస్తువు ఒక ఫ్రేములో ఎక్కడుందో చెప్పడానికి మూడు సంఖ్యలు, ఎటు తిరిగి ఉందో చెప్పడానికి మరో మూడు. సెకనుకు 24 ఫ్రేములు. నాలుగు సెకన్ల కదలికకు ఒక్క వస్తువుకే 576 సంఖ్యలు కాగితం మీద రాయాలి. కెమెరా కూడా కదులుతుంటే దానికి విడిగా మరో 576. బుర్రలో బండిని పరుగెత్తిస్తూ చేత్తో అంకెలు వేయడమన్నమాట. ఆ అంకెలు ఎల్మ్స్‌ఫర్డ్ చేరి బొమ్మలయ్యేవి. ఆ బొమ్మలను దేశం అవతలి కొసనున్న బర్‌బ్యాంక్‌లోని డిస్నీ స్టూడియోలో మానిటర్ మీద ముందుగా చూసి సరిదిద్దడానికి మాగీ కంప్యూటర్ లైను కలిపింది. లేకపోతే ప్రతి దిద్దుబాటుకూ ఫిల్ము మీద తీసి పంపించి ఎదురుచూడాల్సి వచ్చేది.

సినిమా మొత్తం కంప్యూటర్ బొమ్మలేనని చాలామంది అనుకుంటారు. పూర్తిగా కంప్యూటర్ చేసినవి పదిహేను ఇరవై నిమిషాలే. మనుషులున్న దృశ్యాల మెరుపంతా నలుపు తెలుపు ఫిల్ము మీద చిత్రీకరించి, ఫ్రేము ఫ్రేముకూ చేత్తో చేసిన పని. దాని గొప్పదనం దానిదే, అది వేరే వ్యాసానికి తగిన సంగతి.

ఈ పద్ధతికి ఒక వెలితి ఉంది. అన్నీ మరీ నున్నగా ఉంటాయి. రాయికి రాయి గరుకు లేదు, చెక్కకు గీరలు లేవు. ఆ వెలితి మాగీలో పనిచేసిన కెన్ పెర్లిన్‌కు కుదురు లేకుండా చేసింది. 1983లో ఆయన ఒక గణిత ప్రమేయం కట్టి, నున్నటి ఆకారాలకు మబ్బు, పాలరాయి, గరుకు నేలల సహజమైన తీరు తెచ్చిపెట్టారు. పెర్లిన్ నాయిస్ అనే ఆ పనికి 1997లో అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. మాగీలోనే పనిచేసిన యూజీన్ ట్రుబెట్‌స్కాయ్, క్రిస్ వెడ్జ్ తదితరులు 1987లో బ్లూ స్కై స్టూడియోస్ పెట్టారు, ‘ఐస్ ఏజ్’ వాళ్ల సినిమాయే. ట్రాన్‌కు పనిచేసిన మరో సంస్థ రాబర్ట్ ఏబెల్ వారిది. అందులోంచి బయటికొచ్చినవాళ్లు 1987లోనే స్థాపించిన రిథమ్ అండ్ హ్యూస్ తర్వాతి రోజుల్లో మన హైదరాబాద్‌లోనూ స్టూడియో నడిపింది.

ఉచితంగా దొరికే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఈ బండిని నేనూ కట్టి చూశాను. షిఫ్ట్ పట్టుకుని A నొక్కి, మెష్ వరుస తెరిస్తే క్యూబ్, స్పియర్, సిలిండర్, కోన్ అన్నీ ఉంటాయి. బూలియన్ అనే మాడిఫయర్ తగిలిస్తే యూనియన్, ఇంటర్‌సెక్ట్, డిఫరెన్స్, మన సమితుల పాఠంలోని మూడు క్రియలూ అక్కడే. ఒక సాయంత్రంలో బండి పోలిక వచ్చేసింది. కానీ చక్రం అంచుకు బాగా దగ్గరగా వెళితే తేడా తెలిసిపోతుంది. బ్లెండర్ ఇచ్చే సిలిండర్ వంపు మామూలుగా 32 పలకల కూర్పు. నున్నగా కనబడేలా షేడింగ్ మార్చినా అంచు దగ్గర కోణాలు దాగవు. పలకల సంఖ్య పెంచుకుంటూ పోవచ్చు, దగ్గరకు వెళ్లినకొద్దీ మళ్లీ పెంచాలి.

ఈసారి ట్రాన్ దొరికితే పందెం నడుస్తుండగా, బండి తెర నిండా ఉన్న చోట ఒక్కసారి ఆపండి. చక్రం చుట్టూ కంటితో నెమ్మదిగా ఒక చుట్టు తిరిగి రండి. ఫిల్ము రేణువులు కనిపిస్తాయి, పలక మాత్రం ఎక్కడా తగలదు.