కప్పులేని జీపులో పాట

టాపు తీసిన బండిలో పాట వినడం వేరే విద్య. అద్దాలు ఎక్కించుకున్న కారులో పనికొచ్చే లెక్కలు ఇక్కడ సగం పనికిరావు. కార్ డెకర్స్ షాపుకి వెళ్లి "ఓపెన్ జీపు, సౌండ్ సరిపోవట్లేదు" అంటే ముందు చూపించేది పెద్ద ఆంప్, ఆ తర్వాత పన్నెండు అంగుళాల ఊఫర్. డబ్బు ఖర్చవుతుంది, మోత పెరుగుతుంది, పాటలో మాట మాత్రం పాల్వంచ దాటేసరికి గాలిలో కలిసిపోతుంది. మన ఖమ్మం, కొత్తగూడెం జిల్లాల్లో జీపులున్న మిత్రులు చాలామంది ఈ దారిలోనే వెళ్తున్నారు కాబట్టి ఈ వారం దీని గురించే రాస్తున్నాను.

ఇక్కడ కప్పులేని బండి అంటే జీపే. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కార్లు మన రోడ్ల మీద కనపడడం అరుదు. ఆ సరదా తీర్చేది పాత మహీంద్రా, లేదంటే సాఫ్ట్‌టాప్ థార్. ఒకప్పుడు బస్సు పోని ఏజెన్సీ ఊళ్లకి మహీంద్రా కమాండర్ జీపులే దిక్కు. దుమ్ముగూడెం, చర్ల రోడ్లలో వాటిలో ఇరుక్కుని వెళ్లినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: డ్యాష్‌బోర్డు కింద రేకు పట్టీతో వేలాడదీసిన క్యాసెట్ డెక్కు, వెనక టాపు కమ్మీలకి కట్టిన రెండు చెక్క డబ్బాలు. ఆ డెక్కు పవర్ ఇప్పటి లెక్కలో ఏమీ లేనట్టే. అయినా వెనక కూర్చున్నవాళ్లకి చరణం చరణం వినపడేది. డబ్బాలు నెత్తికి జానెడు దూరంలో ఉండడమే దానికి కారణం. ఆ డ్రైవర్లు లెక్కలు వేసి కట్టలేదు, తలుపుల్లేని బండిలో వేరే చోటు లేక అక్కడ కట్టారు. అదే సరైన చోటయింది.

దాని వెనకున్న లెక్క సులువు. ఆరుబయట స్పీకర్‌కీ చెవికీ మధ్య దూరం సగమైతే సౌండు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ 6 డెసిబెల్స్ ఆంప్‌తో రాబట్టాలంటే పవర్ నాలుగింతలు కావాలి. పవర్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్సే, చెవికి అది చిన్న తేడా. రెండింతలు వినపడుతోంది అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పదింతల పవర్. హెడ్ యూనిట్ అట్టపెట్టె మీద 50 వాట్లు ఇంటూ నాలుగు అని అచ్చేసినా, నిలకడగా ఇచ్చేది ఒక్కో ఛానెల్‌కి 20 వాట్లకి అటూ ఇటూ. దాని బదులు 100 వాట్ల ఆంప్ తగిలిస్తే లాభం 7 డెసిబెల్స్. కాళ్ల దగ్గరున్న స్పీకర్‌ని తల పక్కకి తెస్తే దాదాపు అంత లాభమూ వస్తుంది, ఖర్చు రెండు బ్రాకెట్లు. మూసిన కారులో అద్దాలూ డోర్లూ సౌండుని తిప్పి లోపలికే కొడతాయి. జీపులో ఒకసారి చెవి దాటిన సౌండు ఇక తిరిగి రాదు.

కార్ల కంపెనీలూ ఈ సంగతి గ్రహించాయి. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 రెండు సీట్ల చిన్న ఓపెన్ స్పోర్ట్స్ కారు. దానికి సీటు హెడ్‌రెస్ట్‌లోనే స్పీకర్లు పెట్టారు. 2020 అక్టోబర్ 2న మార్కెట్లోకి దిగిన కొత్త థార్‌లో మహీంద్రా వాళ్లు స్పీకర్లని నెత్తి మీదకి తెచ్చారు. మన కమాండర్ డబ్బాలు ఉన్న చోటు అదే.

నా పాత జీపుకి పని చేయించింది ఖమ్మం వైరా రోడ్డులో ఒక చిన్న షాపులో. పాతికేళ్లు నిండని కుర్రాడు, చెయ్యి మాత్రం నిదానం. రోల్ బార్ గొట్టానికి రెండు పాడ్‌లు బిగించాడు, వాటిలో ఆరున్నర అంగుళాల స్పీకర్లు. ఒకదాని ముఖం డ్రైవర్ చెవి వైపు, ఇంకోదాని ముఖం పక్క సీటు వైపు.

"సార్, కొంచెం పైకి తిప్పితే అందరికీ ఇనపడతది గదా" అన్నాడు.

"అందరికీ వద్దు తమ్ముడూ, సీట్లో ఉన్నోళ్లకి చాలు."

సన్నటి సౌండు సూటిగా పోతుంది, పక్కకి తప్పుకుంటే పలచబడుతుంది. చాలా హల్లుల స్పష్టత ఆ సన్నటి సౌండులోనే ఉంటుంది. స్పీకర్ నాలుగు వేళ్లు పక్కకి తిరిగినా స, శ, ట, త కలగలిసిపోయి పాట రాగం మాత్రమే మిగులుతుంది. కూర్చోబెట్టి, వినిపించి, మళ్లీ నట్టు వదులు చేసి తిప్పడానికి అతను విసుక్కోలేదు.

బిగించే ముందు అతను చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. జేబులోంచి పెన్ను సెల్లు తీసి స్పీకర్ వైర్ల కొసలు దాని రెండు చివరలకీ తాకించాడు. కోన్ టప్పున ముందుకి ఉబికింది. వైర్లు మార్చి తాకిస్తే లోపలికి లాక్కుంది. ముందుకి ఉబికినప్పుడు సెల్లు ప్లస్‌కి తగిలిన వైరుకి ఎర్ర టేపు చుట్టాడు. రెండో స్పీకర్‌కీ అలాగే. ఈ రెండూ ఒకేసారి ముందుకి తోయాలి. ఒకటి తోస్తుంటే ఇంకోటి లాగితే బేస్ రెండింటి మధ్యా హరించుకుపోతుంది, గొంతు ఎటు నుంచి వస్తోందో తెలియకుండా పోతుంది. బేస్ రావట్లేదని ఊఫర్ కొనబోయేవాళ్లు ముందు ఈ సెల్లు పరీక్ష చేయించుకోవాలి. చాలాసార్లు ఎర్ర టేపుతోనే పని అయిపోతుంది.

బేస్ గురించి ఇంకొంచెం చెప్పాలి. గాలి రొద ఎక్కువగా కింది స్థాయిల్లో ఉంటుంది, అందుకే అది ముందు మింగేది బేస్‌నే. మనం బేస్ నాబ్ తిప్పుతాం. ఫ్రీక్వెన్సీ సగానికి దిగితే అదే సౌండు కోసం కోన్ నాలుగింతలు కదలాలి. ఆరున్నర అంగుళాల కోన్‌కి అంత ఆట ఉండదు. కొసకి కొట్టుకుని బొంగురుపోతుంది, తనతో పాటు పైనున్న గొంతునీ చెడగొడుతుంది. అందుకని ఆంప్‌లో హై పాస్ ఫిల్టర్‌ని 100 హెర్ట్జ్ దగ్గర పెట్టించాను. అంతకు కిందిది ఆ స్పీకర్లకి దాదాపు వెళ్లదు. బేస్ తగ్గించాక వాల్యూమ్ ఇంకా పెంచగలిగాం, మాట తేటపడింది.

పరీక్షకి పెట్టుకున్నది బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తన. రామదాసుగా పేరుపడ్డ గోపన్నది మా నేలకొండపల్లి అన్న అభిమానం ఒకటి, అందులో పనికొచ్చే సౌకర్యం ఇంకొకటి. తంబురా, వయొలిన్, మృదంగం, గొంతు వేటికవే విడివిడిగా ఉంటాయి, ఏది తప్పిపోయిందో వెంటనే పట్టుకోవచ్చు. మృదంగం ఎడమవైపు గాంభీర్యం తగ్గింది, కాదనను. గమకం మాత్రం చివరి వంపు దాకా వినిపించింది. నాకు ఈ బేరం సమ్మతమే.

వైర్ల దగ్గర పిసినారితనం పనికిరాదు. బజారులో రాగి అని అమ్మే వైరులో అల్యూమినియం మీద రాగి పూత పూసింది ఉంటుంది. పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది, అది తీసుకోకూడదు. బ్యాటరీ నుంచి ఆంప్‌కి వెళ్లే వైరుకి ఫ్యూజు బ్యాటరీకి మూరెడు లోపే ఉండాలి. ఆ ఫ్యూజు కాపాడేది ఆంప్‌ని అనుకుంటారు చాలామంది. అది కాపాడేది వైరుని, వైరు అంటుకుంటే బండిని. రేకులోంచి వైరు దూరే చోట రబ్బరు బుష్ తప్పనిసరి, లేకపోతే ఏజెన్సీ రోడ్ల కుదుపులకి రేకు అంచు వైరు తొడుగుని కోసేస్తుంది. కొన్ని పాత మోడళ్లలో డ్రైవర్ సీటు కిందే డీజిల్ ట్యాంకు ఉంటుంది, అక్కడ ఆంప్ పెట్టే ఆలోచనే చేయకూడదు. నా ఆంప్ పక్క సీటు వెనక, నేలకి నాలుగు వేళ్లు పైన బిగించి ఉంది. జీపు నేల మీద పైపు పెట్టి కడిగే అలవాటు మన అందరిదీ.

యాక్సిలరేటర్ తొక్కుతుంటే స్పీకర్లో కూడా సన్నగా కూత లేస్తే అది ఆల్టర్నేటర్ కూత. నూటికి ఎనభై పాళ్లు ఎర్త్ సరిగా లేకే వస్తుందని నా నమ్మకం. పెయింటు గీకి, రేకు మెరిసేదాకా రుద్ది, అక్కడ బోల్టు వేయాలి. కరెంటు వైరు బండికి ఒక పక్క, సిగ్నల్ వైరు ఇంకో పక్క నడపాలి. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరులు మోటరోలా పేరుతో కారు రేడియో అమ్మడం మొదలుపెట్టినప్పుడు వాళ్లకీ పెద్ద తలనొప్పి ఇంజన్ ఇగ్నిషన్ నుంచి వచ్చే గరగరే. తొంభై ఏళ్లు దాటినా ఆ గొడవ తీరలేదు.

మన ఎండల్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొత్తగూడెం, భద్రాచలం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కోన్ చుట్టూ ఫోమ్ అంచు ఉన్న స్పీకర్లు కొన్నాళ్లకి పొడిపొడిగా రాలిపోతాయి, రబ్బరు అంచు ఉన్నవి నిలుస్తాయి. కాగితపు కోన్ వానకి ఉబ్బుతుంది, పాలీప్రొపిలీన్ అయితే తుడిచేస్తే చాలు. పడవల కోసం చేసే మెరైన్ స్పీకర్లు దొరికితే ఇంకా మంచిది. బొగ్గు లారీల వెనక వెళ్లొచ్చిన రోజున స్పీకర్ జాలీ మీద వేలు పెట్టి చూస్తే నల్లగా అంటుతుంది, మెత్తటి బ్రష్షుతో దులపాలి. హెడ్ యూనిట్ విషయంలో నాది పాత పద్ధతి. పెద్ద తెర ఎండలో కనపడదు. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉండే సింగిల్ డిన్ సెట్టు, గుండ్రటి నాబ్ ఉన్నది, రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పకుండా చేతికి దొరుకుతుంది. కొత్తగూడెం ఆకాశవాణి వినడానికి ఇంతకంటే ఏం కావాలి?

అసలు అన్నింటికన్నా చవకైన అప్‌గ్రేడ్ కాలు ఎత్తడమే. వేగం రెట్టింపైతే గాలి రొద 15 డెసిబెల్స్‌కి పైనే పెరుగుతుంది. తిరగేసి చూస్తే, 80 నుంచి 40కి దిగినవాడు ముప్ఫై ఇంతల ఆంప్ కొన్నదానికి సమానమైన లాభం పైసా ఖర్చు లేకుండా పొందుతాడు. ఇంజన్ గడగడ మిగులుతుంది, అయినా తేడా గట్టిదే. చెవుల కోసమైనా ఇది చేయాలి. 85 డెసిబెల్స్‌లో రోజుకి 8 గంటలు మించి ఉండొద్దనీ, 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గంటలు సగమవ్వాలనీ అమెరికాలో ఉద్యోగుల ఆరోగ్యం చూసే సంస్థ నియోష్ చెబుతోంది. గాలి రొద మీద గెలవాలని ఇంకా పెద్దగా పాట పెట్టేవాడికి ఆ గంటలు ఎంత త్వరగా అయిపోతాయో చూడండి.

కిన్నెరసాని అభయారణ్యం వైపు మలుపు తిరిగితే నేను సెట్టు పూర్తిగా కట్టేస్తాను. దుప్పులూ అడవిదున్నలూ ఉండే చోట మన పాటకి పనిలేదు. గూడేల పక్క నుంచి రాత్రి పోయేటప్పుడూ అంతే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు వద్దంటాయి. జీపుకి గోడల్లేవు, లోపల పెట్టిన పాట ఊరందరిదీ అవుతుంది. స్పీకర్ చెవి పక్కన ఉంటే తక్కువ వాల్యూమ్‌తో గడిచిపోతుంది, బయటికి పోయేదీ తక్కువే. పాడ్‌లు పైకి తిప్పొద్దన్నది అందుకే.

ఇక తేలనిది ఊఫర్ సంగతి. మృదంగం ఎడమవైపు కోసం ఒక చిన్న ఊఫర్, మూసిన డబ్బాలో, పక్క సీటు వెనక ఆంప్ పైన పెట్టాలని ఉంది. మూసిన కారు లోపలి చోటు చిన్నది కాబట్టి లోతైన బేస్ దానంతటదే కొంత పెరుగుతుంది. జీపులో ఆ సాయం లేదు. నేల అదిరే బేస్ జోలికి పోను, స్పీకర్లకి ఆపేసిన 100 హెర్ట్జ్ కింది నుంచి ఒకటి రెండు స్వరాలు పూడిస్తే చాలు. కుర్రాడు పది అంగుళాలదే పెట్టాలంటున్నాడు. నేను ఎనిమిది దగ్గర ఆగాను. వానలు తగ్గాక, దసరా దాటాక, రెండూ తెప్పించి అదే కీర్తన పెట్టి వింటాం.