ఆధికారికాన్ని మింగిన ప్రాసంగికం: ‘పుష్ప 2’ కథానిర్మాణ పరిశీలన

ఉపోద్ఘాతం

హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు కలిసి ఒక కొత్త నగరంగా విస్తరించాయి. ఇక్కడి వసతిగృహాలలో చిత్తూరు, కడప, అనంతపురం జిల్లాల నుంచి వచ్చిన యువత పెద్దసంఖ్యలో ఉంది. ఇక్కడి మల్టీప్లెక్సులలో ఆంగ్ల మాలికా చిత్రం ఒక తెరపైన, తెలుగు చిత్రం పక్క తెరపైన ఆడుతుంటాయి. ఒకే ప్రేక్షకుడు రెండింటినీ చూస్తాడు. సుకుమార్ దర్శకత్వం వహించిన ‘పుష్ప 2: ది రూల్’ 2024 డిసెంబరు 5న విడుదలైంది. ఆ చిత్రాన్ని ఈ ప్రాంతపు ప్రేక్షకుల నడుమ చూసినప్పుడు, తమ ఊరి యాస తెర మీద వినబడగానే వారిలో కలిగిన ఉత్సాహాన్ని గమనించాను. మూడు గంటల ఇరవై నిమిషాల తరువాత బయటికి వస్తున్నవారి మాటలలో ఒక ప్రశ్ననూ విన్నాను: “ఇంతకీ జపాను సంగతి ఏమైంది?”

ఆ ప్రశ్నను అసంతృప్తుడైన ప్రేక్షకుని విసుగుగా తీసివేయడానికి వీలులేదు. అది అన్వయానికి సంబంధించిన ప్రశ్న. కొనసాగింపు చిత్రం దీర్ఘంగా, గందరగోళంగా ఉన్నదని చెప్పడం అభిప్రాయమవుతుంది. ఆ దైర్ఘ్యం ఎక్కడ దోషమైందో, ఆ గందరగోళానికి మూలమేమిటో చూపడం విమర్శ చేయవలసిన పని. వసూళ్ల లెక్కతో చిత్రాన్ని కొనియాడేవారు గాని, జనాదరణ పొందినదని పక్కన పెట్టేవారు గాని ఆ పని చేయరు. ఈ వ్యాసం ‘పుష్ప 2’ కథానిర్మాణాన్ని మన అలంకారశాస్త్ర పరిభాషతో పరిశీలించి, నిడివి స్వతహాగా దోషం కాదనీ, ప్రాసంగికవృత్తం ఆధికారికవృత్తాన్ని మింగడమే ఇక్కడి దోషమనీ ప్రతిపాదిస్తుంది.

1. కొనసాగింపుకు మనకున్న ప్రమాణం

ఒకరు ఆరంభించిన కథను మరో కాలంలో కొనసాగించడం తెలుగుకు కొత్త కాదు. మన భారతమే మూడు శతాబ్దాలలో ముగ్గురు కవుల చేతిలో పూర్తయింది. నన్నయ అరణ్యపర్వం నడుమ ఆగిపోగా, తిక్కన ఆ ఆగినచోటును తాకకుండా విరాటపర్వంతో ప్రారంభించాడు. మిగిలిన అరణ్యపర్వ భాగాన్ని తరువాత ఎఱ్ఱన పూరించాడు.

తిక్కన ఎంచుకొన్న ఆరంభంలో కొనసాగింపు రచనకు పనికివచ్చే ఒక పాఠముంది. విరాటపర్వానికి పూర్వకథ కావాలి, ఉత్తరకథ ఉంది. అయినా దానికి తనదైన ప్రశ్న ఒకటి ఉంది: పాండవులు ఏడాదిపాటు బయటపడకుండా ఉండగలరా? అందులోని కీచకవధ చూడటానికి ఉపకథ. కాని కీచకుని మరణవార్త హస్తినకు చేరడంతో కౌరవులకు అనుమానం కలుగుతుంది. ఆ అనుమానం గోగ్రహణానికి, గోగ్రహణం అజ్ఞాతవాస సమాప్తికి దారితీస్తాయి. ద్రౌపదికి జరిగిన అవమానం, దానికి ప్రతీకారం అనే ఘట్టం పర్వపు మూలప్రశ్నను ప్రమాదంలోకి నెట్టి, చివరకు దాని పరిష్కారానికే తోడ్పడింది.

లాక్షణికులు చెప్పిన ఆధికారిక, ప్రాసంగిక విభజన సారమిదే. నాయకుని ఫలానికి చెందినది ఆధికారికం. దానికి తోడుగా నడిచేది ప్రాసంగికం. దూరం నడిచే ప్రాసంగికం పతాక, కొద్దిలో ముగిసేది ప్రకరి. రామకథలో సుగ్రీవవృత్తాంతం పతాకకు ప్రసిద్ధ ఉదాహరణ. పతాక ఎంత పొడవైనా నాయకుని ఫలసిద్ధికి ఉపకరించాలన్నది నియమం.

2. సముద్రపు దొంగల కథలో చిక్కు

అన్య సంస్కృతిలోని సమానమైన ఉదాహరణ ఒకటి ఈ ప్రమాణపు ఉపయోగాన్ని స్పష్టం చేస్తుంది. ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ మాలికలో తొలి చిత్రం 2003లో, రెండవది 2006లో, మూడవదైన ‘ఎట్ వరల్డ్స్ ఎండ్’ 2007లో వచ్చాయి. గోర్ వెర్బిన్‌స్కీ దర్శకత్వంలో తొలి చిత్రం సుమారు 143 నిమిషాలు నడిస్తే మూడవది 169 నిమిషాలకు చేరింది. తొలి చిత్రంలో శాపగ్రస్తులైన దొంగలు చివరి నాణెం కోసం వెదుకుతారు. ఆ ఒక్క నాణెం చుట్టూ అందరి కోరికలూ తిరుగుతాయి. మూడవ చిత్రంలో జాక్ స్పారో అమరత్వాన్ని, విల్ టర్నర్ తండ్రి విముక్తిని, బార్బోసా సముద్రదేవత కాలిప్సో విడుదలను కోరుతారు. ప్రతి కోరికా విడిగా స్పష్టమే. ఒకరినొకరు మోసగించుకొనే క్రమంలో ఏ క్షణాన ఎవరు ఎవరి పక్షమో ప్రేక్షకునికి గుర్తుండదు.

అంతకన్న పెద్ద లోపం ఫలానికి సంబంధించినది. ప్రపంచంలోని సముద్రపు దొంగల నాయకులందరినీ ఒకచోట చేర్చిన ఆ చిత్రం, చివరి యుద్ధాన్ని ప్రధానంగా రెండు ఓడలకే అప్పగిస్తుంది. తక్కిన దొంగల నౌకలు చూస్తూ ఉంటాయి. కాలిప్సో విడుదలై సుడిగుండాన్ని సృష్టిస్తుంది గాని జయాపజయాలను నిర్ణయించదు. బీజం వేసి పెంచినవాటిని ఫలం దాకా తీసుకుపోలేదు. అయితే విల్ తానే శాపగ్రస్త నౌకకు నాయకుడై, పదేళ్లకొక్కరోజు మాత్రమే నేల మీద అడుగుపెట్టే ముగింపు మాత్రం తొలి చిత్రంలోని శాపభావనకు తగిన నిర్వహణమే. అంటే ఇక్కడ గందరగోళం ఆధికారికాలు ఎక్కువ కావడం వల్ల పుట్టింది. ‘పుష్ప 2’లో పుట్టిన గందరగోళం వేరు.

3. తొలి భాగం వేసిన బీజం

2021 డిసెంబరు 17న విడుదలైన ‘పుష్ప: ది రైజ్’లో ఆధికారికం స్పష్టం. పుష్పరాజ్ శేషాచలం అడవులలో ఎర్రచందనం నరికే కూలీగా చేరి అక్రమరవాణా ముఠాకు అధిపతి అవుతాడు. ఆ ఎదుగుదల కింద మరొక ప్రశ్న నడుస్తుంది. తండ్రి ఇంటిపేరు అతనికి దక్కలేదు. సవతి అన్న నిశ్చితార్థం నాడు వచ్చి ఆ లోటును నలుగురిలో ఎత్తిచూపుతాడు. సంపద, అధికారం అన్నీ ఆ ఇంటిపేరు లేకపోవడానికి చేసుకొన్న ప్రత్యామ్నాయాలని ప్రేక్షకునికి తెలుస్తుంది.

సాహసకథగా కూడా ఆ భాగం నిలబడింది. పాలు పోసిన ట్యాంకరు కింది అరలో దుంగలు దాచడం వంటి ఉపాయాలలో పని తీరు కనబడుతుంది. అడ్డంకి ఏమిటో, దాన్ని దాటే తెలివి ఏమిటో ప్రేక్షకుడు అర్థం చేసుకోగలడు. కూలీ చెమట, చెక్క బరువు తెర మీద ఉన్నాయి. చిత్తూరు మాండలికం హాస్యపాత్రకు కేటాయించిన యాసగా కాక కథానాయకుని స్వాభిమానానికి గొంతుగా నిలిచింది. ఈ పాత్రకు అల్లు అర్జున్ ఉత్తమ నటునిగా జాతీయ పురస్కారం పొందారు. ఆ పురస్కారం అందుకొన్న తొలి తెలుగు నటుడు ఆయనే.

4. పతాక ప్రధానమైన చోటు

రెండవ భాగం జపాను ఓడరేవులో మొదలవుతుంది. దుంగలున్న కంటైనరులో రోజుల తరబడి ప్రయాణించిన నాయకుడు అక్కడి మనుషులతో తలపడతాడు. థియేటరులో ప్రదర్శించిన ప్రతిలో ఈ ఘట్టానికీ తరువాతి కథకూ కార్యకారణ బంధం బిగియలేదు. ముఖసంధిలో వేసినది బీజమని భావించిన ప్రేక్షకుడు మూడు గంటలపాటు దాని మొలక కోసం చూస్తాడు. నేను విన్న ప్రశ్న అక్కడ పుట్టింది.

తరువాత భార్య కోరిక మేరకు పుష్పరాజ్ ముఖ్యమంత్రితో ఛాయాచిత్రం దిగబోతాడు. స్మగ్లరుతో ఛాయాచిత్రం దిగడానికి ముఖ్యమంత్రి నిరాకరిస్తాడు. దానితో ఆ పదవిలో సిద్దప్పనాయుడిని కూర్చోబెట్టాలని నాయకుడు నిశ్చయిస్తాడు. అందుకు కావలసిన సొమ్ము కోసం భారీ ఎర్రచందనం బేరం, ఆ బేరాన్ని అడ్డుకోవడానికి పోలీసు అధికారి షెఖావత్ పంతం, వారిద్దరి నడుమ క్షమాపణ గొడవ వరుసగా వస్తాయి. ఇవన్నీ కలిపి చిత్రంలో అధికభాగం. ఇంటిపేరు ప్రశ్న వీటిలో ఎక్కడా ముందుకు కదలదు. అవమానం అనే సామాన్యధర్మం ఒక్కటే రెండింటినీ కలుపుతుంది. సామ్యం ఉన్నంతమాత్రాన ఉపకారం ఉన్నట్లు కాదు. ఆ విధంగా పతాక ఆధికారికం స్థానాన్ని ఆక్రమించింది.

ఇంకొక నష్టం సాహసస్వభావానిది. పోలీసు ఠాణాలో బంధించిన కూలీలను విడిపించడానికి పుష్పరాజ్ అక్కడి సిబ్బందికి జీవితకాలపు జీతం లెక్కగట్టి ఇచ్చి రాజీనామా చేయిస్తాడు. దృశ్యంగా అది రంజకమే. కాని తొలి భాగంలో తెలివి చేసిన పనిని ఇక్కడ డబ్బు చేసింది. దేన్నైనా కొనగలిగినవానికి అడ్డంకి ఉండదు. అడ్డంకి లేనిచోట నియతాప్తి అనే అవస్థకే చోటులేదు. కూలీలు కూడా పని చేసేవారిగా కాక నాయకుని ఔదార్యాన్ని చూపే సందర్భంగా మిగిలారు. చిత్రమంతటా ప్రతినాయకునిగా పెంచిన షెఖావత్ చివరి పోరాటం దాకా నిలవడు. ఆ పోరాటం బుగ్గారెడ్డి ముఠాతో జరుగుతుంది.

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో రసవిరోధాలను చెబుతూ, సంబంధం ఉన్నదే అయినా వేరొక వస్తువును విస్తరించి వర్ణించడాన్నీ, పరిపోషం పొందిన రసాన్ని మళ్లీమళ్లీ ఉద్దీపింపజేయడాన్నీ పేర్కొన్నాడు. పదేపదే తాకిన పువ్వు వాడిపోయినట్లే అనుభవించిన రసమూ వాడుతుందని ఆయన భావం. నాయకుని ధిక్కారం తొలి గంటలోనే పరిపక్వమైంది. తరువాత వచ్చే ప్రతి ఘట్టమూ అదే ధిక్కారాన్ని మరింత పెద్ద గొంతుతో చెప్పింది.

5. జాతర: సరైన ఉపకథ

ఈ చిత్రంలో తిక్కన ప్రమాణానికి నిలిచే ఘట్టం గంగమ్మ జాతర. తిరుపతి గంగమ్మ ఐతిహ్యంలో దేవత వేషాలు మారుస్తూ, స్త్రీలను చెరిచే పాలెగాడిని వెదికి సంహరిస్తుంది. జాతరలో పురుషులు స్త్రీవేషం ధరించడానికి ఆధారం ఆ ఐతిహ్యమే. చిత్రంలో స్త్రీవేషంలో ఉన్న పుష్పరాజ్, తన అన్న కూతురు కావేరిని అవమానించిన బుగ్గారెడ్డి మూకను శిక్షిస్తాడు. ఆచారం కథలో అలంకారంగా మిగలలేదు. దాని అర్థమే కథార్థమైంది.

పైగా ఆ బాలిక తనకు ఇంటిపేరు నిరాకరించిన ఇంటి బిడ్డ. ఆమెను కాపాడటంతో అతడు అడగకుండానే ఆ ఇంటి బాధ్యతను స్వీకరించాడు. కావేరి పెళ్లి సందర్భంలో సవతి అన్న అతణ్ణి తమవానిగా అంగీకరించే నిర్వహణ ఇక్కడి నుంచే సహజంగా వస్తుంది. కీచకవధ విరాటపర్వానికి చేసిన పనిని జాతర ఈ కథకు చేయగలిగి ఉండేది. కాని కావేరి పాత్రను ముందునుంచి పెంచలేదు. ముఖ్యమంత్రి వ్యవహారానికి దక్కిన తెరకాలంలో కొంతైనా ఆ కుటుంబానికి దక్కివుంటే, చివరి అంగీకారానికి ప్రేక్షకుడు ముందే సిద్ధమై ఉండేవాడు. అంతలోనే పెళ్లింట పేలుడు సంభవించి మూడవ భాగం ‘ది ర్యాంపేజ్’ ప్రకటన వస్తుంది. ఫలాగమం జరిగిన క్షణాన్ని అనుభవించే వ్యవధి కూడా లేకపోయింది.

6. నిడివి గురించి ఒక పూర్వపక్షం

భారతీయ కథనానికి విస్తృతి సహజమనీ, పాశ్చాత్య ఏకత్వాన్ని దానిపై రుద్దరాదనీ కొందరు అనవచ్చు. ఆ మాటలో న్యాయముంది. ఎన్.టి.రామారావు దర్శకత్వంలో 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ దాదాపు నాలుగు గంటల చిత్రం. అయినా దానిలోని అనేక ఘట్టాలను కర్ణుని కులప్రశ్న, దుర్యోధనుని స్నేహం ఒక తాటిపై నిలిపాయి. పుట్టుక చెప్పుకోలేని వీరుడు, తనను సోదరునిగా ఎరుగని సోదరులు అనే ఆ వస్తువు పుష్పరాజ్‌కూ దగ్గరిదే. కాబట్టి నిడివిని నిందించనక్కరలేదు.

సమస్యను బయటపెట్టినది చిత్రబృందమే. విడుదలైన ఆరు వారాలకు, 2025 జనవరి 17న, మరో 20 నిమిషాలు చేర్చిన ప్రతిని ప్రదర్శించారు. ఉండటం వల్లగాని లేకపోవడం వల్లగాని భేదం కలిగించనిది సమగ్రవస్తువులో అంగం కాదని అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో చెప్పాడు. మన ఔచిత్యసిద్ధాంతం చెప్పేదీ దీనికి దూరం కాదు. ఇరవై నిమిషాలు చేర్చినా కథాగతి మారలేదంటే, మరొక ఇరవై తీసివేసినా మారకపోవచ్చుననే అనుమానం కలగడం సహజం.

ముగింపు

‘ఎట్ వరల్డ్స్ ఎండ్’ అనేక ఫలాలను కోరి చిక్కుపడింది. ‘పుష్ప 2’ తనకున్న ఒక్క ఫలాన్ని మరచి చాలాదూరం నడిచి, చివర హడావుడిగా దాని దగ్గరికి తిరిగివచ్చింది. జాతర ఘట్టం ఆ దారి దర్శకునికి తెలుసునని నిరూపిస్తున్నది. అందువల్లనే నిరాశ ఎక్కువ. అడవికూలీ జీవితానికి, ఇంటిపేరు దక్కని మనిషికి, చిత్తూరు మాటకు ఇంత విస్తృతమైన వేదిక తెలుగు తెర మీద అరుదుగా లభించింది. తన ఊరి మాట వినడానికి మాదాపూర్ వసతిగృహం నుంచి వెళ్లిన యువకునికి ఆ మాట దక్కింది. ఆ మాట మాట్లాడే మనిషి కథ మాత్రం పూర్తిగా దక్కలేదు. మూడవ భాగం రానున్నది గనుక, కొనసాగింపు రచయితలు ‘ఇంకేమి చేర్చాలి’ అనే ప్రశ్నకు ముందు ‘ఈ భాగానికి తనదైన ప్రశ్న ఏది’ అని నిర్ణయించుకోవాలి. విరాటపర్వం దగ్గర తిక్కన చేసిన నిర్ణయం అదే.